తిరుగుదారి

ఉత్తర తెలంగాణలోని జగిత్యాల, నిజామాబాద్, సిరిసిల్ల ప్రాంతాల పల్లెలలో ‘దుబాయి పోయిండు’ అనే మాటకు విశాలమైన అర్థం ఉంది. వెళ్ళినవాడు సౌదీ అరేబియాలో ఉండవచ్చు. ఒమన్‌లోనో, కువైట్‌లోనో, కతార్‌లోనో ఉండవచ్చు. ఇంటివారికి మాత్రం అది దుబాయే. 1973లో మొదలై కొద్ది నెలలలోనే చమురు ధర దాదాపు నాలుగింతలైంది. ఆ సంపదతో అరబ్బు దేశాలు రహదారులు, రేవులు, నగరాలు నిర్మించసాగాయి. ఇసుక మోయడానికి, ఇనుప చువ్వలు కట్టడానికి మనుషులు కావలసివచ్చారు. వానను నమ్ముకున్న సేద్యంతో, ఎండిపోయిన బోర్లతో విసిగిన రైతుబిడ్డలు ఆ పిలుపు విన్నారు. కడప జిల్లా నుంచి, గోదావరి జిల్లాల నుంచి ఇంటిపనుల కోసం స్త్రీలు సైతం కువైట్ వెళ్ళారు. అలా మొదలైన ప్రయాణం అర్ధశతాబ్దం గడిచినా ఆగలేదు.

దూరపు కొండలు నునుపు అనే సామెత ఈ పల్లెలకు పూర్తిగా వర్తించదు. ఆ కొండల గరుకుదనం ఇక్కడ అందరికీ తెలిసినదే. వేసవి ఎండలో పనిచేసి ఆరోగ్యం చెడి తిరిగివచ్చినవాడు పక్క వీధిలోనే ఉంటాడు. అతని ఇంటికి ఎదురుగానే, అదే గల్ఫు సంపాదనతో కట్టిన కొత్త స్లాబు ఇల్లు కూడా ఉంటుంది. నిర్ణయించుకోవలసిన యువకుడు రెండింటినీ చూస్తాడు. అయితే రోజూ కంటికి కనిపించేది ఇల్లే. పక్క వీధివాని దగ్గు రాత్రివేళ మాత్రమే వినబడుతుంది.

నిర్ణయం తరచుగా ఏదో ఒక కష్టం వచ్చిన రోజున జరుగుతుంది. మూడవ బోరు కూడా పడని నాడు, చెల్లెలి పెళ్ళి కుదిరిన నాడు ఆ మాట బయటికి వస్తుంది. “అందరు పోతున్నరు. నేనొక్కన్ని ఈడ ఉండి ఏం జేయాలె?” అని కొడుకు అంటాడు. “నీ ఇష్టం బిడ్డా” అంటుంది తల్లి. ఆ జవాబులో అంగీకారమూ లేదు, తిరస్కారమూ లేదు. భార్య అభిప్రాయం అడగడం చాలా ఇళ్ళలో అన్నీ ముగిసిన తరువాతే జరుగుతుంది. అడిగినది అభిప్రాయమో, ఆమె చెవుల కమ్మలో చెప్పడం కష్టం. బీడీలు చుట్టి ఇన్నాళ్ళూ ఆ ఇంటిని నడిపినదీ, అతడు వెళ్ళాక అప్పులవారికి జవాబు చెప్పవలసినదీ ఆమే. ఆ చర్చలో మొదటి మాట ఆమెది కావడం న్యాయం.

వెళ్ళడం మంచిదా, చెడ్డదా అనే ప్రశ్నకు అందరికీ వర్తించే సమాధానం లేదు. వెళ్ళడానికి ఎంత అప్పు చేయాలి అనే ప్రశ్నకు మాత్రం లెక్క ఉంది. ఒక యువకుడు ఏజెంటుకు చెల్లించడానికి 1,50,000 రూపాయలు, నూటికి నెలకు మూడు రూపాయల వడ్డీకి తెచ్చాడనుకుందాం. జీతం నెలకు 22,000 రూపాయలు. తిండికి, ఫోనుకు, ఇతర ఖర్చులకు 6,000 పోతాయి. ఇంటి ఖర్చుకు మరో 6,000 పంపాలి. మిగిలిన 10,000 అప్పుకు కట్టాలి. మొదటి నెలలో అందులో 4,500 వడ్డీకే సరిపోతాయి. నెలనెలా తప్పకుండా కట్టినా ఆ అప్పు తీరడానికి ఇరవై నెలలు దాటుతుంది. ఒప్పందం రెండేళ్ళది. అంటే రెండేళ్ళ చెమటకు చివర మిగిలేది నలభై వేలకు లోపే. అదే మనిషి 50,000 అప్పుతో వెళ్ళి ఉంటే అది ఆరు నెలలలోపే తీరిపోయేది. తక్కిన పద్దెనిమిది నెలలలో 1,80,000 రూపాయలు కూడేవి. పనీ అదే, ఎండా అదే. తేడా అంతా బయలుదేరిన నాటి అప్పులో ఉంది.

ఈ అప్పు డబ్బుతో ఆగదు, తిరుగుదారిని కూడా మూసివేస్తుంది. డ్రైవరు పని అని చెప్పి తీసుకువెళ్ళి ఎడారిలో గొర్రెలు కాయమన్నప్పుడు, అప్పు లేనివాడు తిరిగి వస్తానని గట్టిగా అడగగలడు. అప్పు ఉన్నవాడు గొర్రెలు కాస్తాడు. కార్మికుని ఉనికిని కఫీల్ అనే యజమానికి ముడివేసే పద్ధతిని కొన్ని దేశాలు కొంత సడలించాయి. 2020లో కతార్, 2021లో సౌదీ అరేబియా ఉద్యోగం మారడాన్ని సులభతరం చేశాయి. కాని ఊరిలోని వడ్డీ వ్యాపారి పట్టును ఏ అరబ్బు చట్టమూ సడలించలేదు.

తొందరలో ఉన్నవారికి ‘ఆజాద్ వీసా’ అనే పేరు ఆకర్షణీయంగా వినిపిస్తుంది. ఎక్కడైనా పని చేసుకోవచ్చునని దాని అర్థంగా చెబుతారు. నిజానికి అలాంటి వీసా ఏ చట్టంలోనూ లేదు. కాగితం మీద ఒక యజమాని ఉంటాడు. పని మరొకచోట దొరుకుతుంది. తనిఖీలో పట్టుబడిననాడు ఆ ఆజాదీ జైలు గది వరకే. పర్యటన వీసాపై వెళ్ళి పని వెతుక్కోవడంలోనూ ఇటువంటి ప్రమాదమే ఉంది.

1983లో చేసిన ప్రవాస చట్టం ప్రకారం విదేశీ ఉద్యోగాలకు మనుషులను పంపే ఏజెంటు ప్రభుత్వం వద్ద నమోదు కావాలి. సేవారుసుముగా 30,000 రూపాయలు, దానిపై పన్ను మించి తీసుకోకూడదని నిబంధన. నమోదైన ఏజెంట్ల పేర్లు ‘ఈ-మైగ్రేట్’ వెబ్‌సైటులో ఉంటాయి. ఊరిలో తిరిగే మధ్యవర్తి పేరు అక్కడ కనిపించదు. పదవ తరగతి పాస్ కానివారు గల్ఫు దేశాలకు పనికి వెళ్ళడానికి ప్రభుత్వ అనుమతి అవసరం. దానితో పాటు ప్రవాసీ భారతీయ బీమా తప్పనిసరి. రెండేళ్ళకు 275 రూపాయల ప్రీమియంతో, ప్రమాద మరణానికి లేదా శాశ్వత వైకల్యానికి పది లక్షలు వచ్చే ఏర్పాటు అది. గుండె ఆగి మరణించినవాని కుటుంబానికి ఆ సొమ్ము అందదు. ఇక పదవ తరగతి పాసైనవారికి ఆ అనుమతితో పని లేదు. ఆ తనిఖీ, ఆ తప్పనిసరి బీమా కూడా లేవు. చదువుకున్నవాడు తన జాగ్రత్త తాను చూసుకోగలడని చట్టం భావించింది. చదివినవారిలో ఎందరు ఒప్పందపత్రాన్ని చివరిదాకా చదువుతున్నారో ఆలోచించదగినదే.

ఆ పత్రాన్ని చదవవలసింది తరచుగా ఆ ఇంటిలో కళాశాలకు వెళ్ళే తమ్ముడో, చెల్లెలో. పని పేరు, మూల వేతనం, పనిగంటలు, వసతి, తిరుగు ప్రయాణపు టిక్కెట్టు ఎవరిది అన్నవి వెతికి చూడాలి. వీసాలో రాసిన పని, ఒప్పందంలో రాసిన పని ఒకటేనా అని పోల్చాలి. ఏజెంటుకు ఇచ్చిన ప్రతి పైసాకు రశీదు అడగాలి. పాస్‌పోర్టు, వీసా, ఒప్పందం నకళ్ళు ఒక జత ఇంటి పెట్టెలో ఉంచాలి. అక్కడ యజమాని అసలు కాగితాలు లాగేసుకుంటే, భారత రాయబార కార్యాలయానికి పంపడానికి ఇంటివారి దగ్గర మిగిలేవి ఆ నకళ్ళే.