గడువు దాటిన దరఖాస్తుకు మళ్ళీ ప్రాణం

పదో తరగతి పరీక్ష ఫీజు కట్టే ఆఖరు తేదీ దాటితే ఏమవుతుందో మీకు తెలుసు. అపరాధ రుసుముతో ఇంకో తేదీ ఇస్తారు. కొత్త వస్తువు కనిపెట్టి, దానిమీద హక్కుకోసం ప్రభుత్వానికి దరఖాస్తు పెట్టేవారికీ ఇలాంటి గడువులే ఉంటాయి. ఆ హక్కునే పేటెంటు అంటారు.

ముందు ఒక పాత సంగతి వినండి. ఆంటోనియో మెయుచ్చి అనే ఇటలీ దేశస్థుడు న్యూయార్క్ దగ్గర స్టాటెన్ ద్వీపంలో ఉండేవాడు. తీగ ద్వారా మాటను పంపాలని ఏళ్ళ తరబడి ప్రయోగాలు చేశాడు. 1871 జూలైలో ఆయన ఎక్కిన పడవలో బాయిలరు పేలి తీవ్రంగా గాయపడ్డాడు. పేటెంటు ఖర్చు భరించే శక్తి లేక, ఆ డిసెంబరులో 'కేవియట్' ఒకటి దాఖలు చేశాడు. "నేను ఈ పనిమీద ఉన్నాను, ఇంకెవరైనా ఇలాంటిదే తెస్తే నాకు తెలియజేయండి" అని ముందుగా చెప్పుకునే కాగితం అది. దాని ఆయుష్షు ఏడాది. కొనసాగాలంటే ఏటా 10 డాలర్లు కట్టాలి. రెండుసార్లు కట్టాడు. 1874లో కట్టలేకపోయాడు. 1876 ఫిబ్రవరి 14న గ్రాహంబెల్ దరఖాస్తు వేశాడు. మార్చి 7న ఆయనకు టెలిఫోను పేటెంటు వచ్చింది.

ఆ 10 డాలర్లు కట్టివుంటే చరిత్ర మారేదని చాలామంది అంటారు. అంత తేలిగ్గా చెప్పలేం. విద్యుత్తుతో మాట ప్రయాణించే పద్ధతి ఆ కాగితంలో స్పష్టంగా లేదని వాదించేవారూ ఉన్నారు. ఏమైనా, 2002లో అమెరికా ప్రతినిధుల సభ మెయుచ్చి కృషిని గౌరవిస్తూ తీర్మానం చేసింది.

మరి గడువు ఎందుకు? దరఖాస్తును పరీక్షించే అధికారి "ఇది పాతదే కదా, ఇక్కడ వివరణ చాలదు" అని అభ్యంతరాలు రాసి పంపుతాడు. మన దేశంలో ఆరు నెలల్లో జవాబివ్వాలి; అడిగితే కొంత పొడిగింపు దొరుకుతుంది. అప్పటికీ జవాబు లేకపోతే దరఖాస్తును వదులుకున్నట్టే భావిస్తారు. అలా కాకపోతే ఆ దరఖాస్తు ఏళ్ళ తరబడి వేలాడుతూ ఉంటుంది. అదే వస్తువు తయారుచేయాలనుకునేవారు ముందుకీ పోలేరు, వెనక్కీ రాలేరు.

కాని వదులుకోవడం వేరు, మరిచిపోవడం వేరు. అందుకే చాలా దేశాలు ఒక చిన్న కిటికీ తెరిచి ఉంచాయి. అమెరికాలో ఒకప్పుడు ఆలస్యం 'తప్పించుకోలేనిది' అని రుజువు చేయాల్సి వచ్చేది. 1982 చట్టంతో 'కావాలని చేయని' ఆలస్యాన్ని కూడా మన్నించడం మొదలైంది. ఇవ్వవలసిన జవాబు ఇవ్వాలి, రుసుము కట్టాలి, మొదటి రోజునుంచి చివరి రోజుదాకా ఆలస్యం కావాలని చేసింది కాదని రాసివ్వాలి. "ఇది అమ్ముడుపోదులే" అని తెలిసి వదిలేసి, తరువాత ఇంకొకరికి లాభాలు రావడం చూసి పరుగెత్తుకొచ్చినవారికి ఈ దారి లేదు. యూరప్ పేటెంటు కార్యాలయం పద్ధతి మన అపరాధ రుసుముకు దగ్గర. గడువు పోయిందన్న నోటీసు వచ్చాక రెండు నెలల్లో రుసుము కట్టి పని పూర్తిచేస్తే, చాలా సందర్భాల్లో కారణమే అడగరు.

2022 నాటికి మన దేశంలో దరఖాస్తుకు అలాంటి కిటికీ ఉండేది కాదు. 2022లో యూరోపియన్ యూనియన్ ఢిల్లీ హైకోర్టుకు వెళ్ళవలసి వచ్చింది. జవాబివ్వకపోవడం ఏజెంటు తప్పనీ, దరఖాస్తుదారుకు వదులుకునే ఉద్దేశం లేదనీ గ్రహించి, కోర్టు మళ్ళీ అవకాశమిచ్చింది.

అయితే మంజూరైన పేటెంటు, ఏటా కట్టే రుసుము కట్టక రద్దయిపోతే, 1970 పేటెంట్ల చట్టం ప్రకారం 18 నెలల్లోగా పునరుద్ధరణ కోరవచ్చు. ఇక్కడే ఒక చిక్కుముడి ఉంది. వేరుశెనగకాయలు వలిచే యంత్రం పేటెంటు ఒకటి ఇలా రద్దయిందనుకోండి. అది చూసి మీ ఊరి మెకానిక్కు అలాంటి యంత్రాలే చేసి అమ్మాడు. తరువాత ఆ పేటెంటు బతికి వచ్చింది. ఇప్పుడు ఆ మెకానిక్కు దొంగా? కాదు. పేటెంటు రద్దయిన రోజునుంచి పునరుద్ధరణ కోరిన సంగతి ప్రకటించే రోజువరకు చేసినదానికి అతనిమీద దావా వేయడానికి చట్టం ఒప్పుకోదు.