ఎండిన చెట్టు మరల నీరు త్రాగు విధము



2023లో మా ప్రాంతమున వానలు తప్పినవి. 2024 వేసవికి మా మందిరపు ఆవరణలోని పెద్ద వేపచెట్టు ఆకంతయు రాల్చి మోడై నిలిచెను. తొలకరి కురిసి పదిదినములైనను చిగురు వేయలేదు. “అయ్యగారూ, అది చచ్చినది. కొట్టించి అమ్మి, ఆ సొమ్ముతో మందిరపు కప్పు బాగుచేయింతము” అని పెద్దలలో కొందరనిరి. కప్పు కారుచుండుట నిజమే. అయినను చెట్టు చచ్చినదో బ్రదికియున్నదో తెలిసికొనకుండ గొడ్డలి వేయుట తగునా? ఈ నెల పాఠములో ఈ సంగతి ఆలోచింతము.

1. నీరు పైకెక్కు విధము

చెట్టు చెక్కలో వెండ్రుకవలె సన్నని గొట్టములు వేలకొలది కలవు. వాటిలో నీరు వేరు మొదలుకొని ఆకువరకు తెగని దారమువలె నిలిచియుండును. ఆకులనుండి నీరు ఆవిరియగుకొలది ఆ దారము పైకి లాగబడును. నీటి కణములు ఒకదాని నొకటి గట్టిగా పట్టుకొనియుండుటచేత అది తెగదు. డబ్లిన్ నగరపు శాస్త్రజ్ఞులగు డిక్సన్, జోలీ అనువారు 1894లో ఈ సంగతి వివరించిరి.

2. కరవులో జరుగునది

నేల ఎండినప్పుడు క్రిందినుండి నీరందదు; ఎండ మాత్రము పైనుండి లాగుచునే యుండును. లాగుడు మితిమీరినప్పుడు గొట్టములోనికి గాలి చొరబడి, నీటి దారము పుటుక్కున తెగును. 1966లో మిల్‌బర్న్, జాన్సన్ అను ఇద్దరు, వాడుచున్న ఆముదపు ఆకులలో ఈ తెగు చప్పుళ్లను సున్నితమైన యంత్రముతో కనిపెట్టిరి. గాలి పట్టిన పంపు నీరు తోడనట్లే, గాలి నిండిన గొట్టము నీరు మోయదు. కావున చెట్టు ఆకు రాల్చుట చావునకు గురుతు కానక్కరలేదు. మిగిలిన గొట్టములను కాపాడుకొనుటకు అది చేయు పని.

3. బాగగు విధము

మొదటిది, వేరు నెట్టుట. ఇంగ్లండులో టెడ్డింగ్టన్ అను ఊరి సంఘకాపరియైన స్టీఫెన్ హేల్స్ గారు, ఆలస్యముగా కత్తిరించిన ద్రాక్షతీగనుండి నీరు కారిపోవుట చూచి, అది చచ్చునేమోయని కోతమీద పశువు తిత్తిపొర కట్టిరి. ఆ పొర బిగిసి ఉబ్బెను! అంతట గాజుగొట్టములు తగిలించి చూడగా నీరు 21 అడుగుల ఎత్తు లేచెను. 1727లో అచ్చయిన తన గ్రంథములో ఆయన దీనిని వ్రాసిరి. ఈ నెట్టుడు గాలిబుడగలను కరగించి తీగ గొట్టములను మరల నింపగలదు. తీగలకును వెదురునకును ఇది మేలు. ఎత్తయిన చెట్ల కొనలకు సాధారణముగా చాలదు.

రెండవది, గొట్టముల ప్రక్కనున్న జీవకణములు నీరు స్రవింపజేయుట. 2010లో కాలిఫోర్నియా పరిశోధకులు ఎక్స్‌రే కిరణములతో చూడగా, ద్రాక్షతీగ గొట్టముల గోడలపై చిన్న బిందువులు పుట్టి పెరుగుట కనబడెను. అయితే కొమ్మను కోయునప్పుడే గాలి చొరబడగలదని 2013లో తేలినది. గనుక అంతకుముందు కోసిన కొమ్మలలో చూచినవన్నియు నమ్మదగినవి కావు.

మూడవది, పెద్ద చెట్లకు మిక్కిలి నిశ్చయమైనది: క్రొత్త గొట్టములు పుట్టుట. బెరడునకును చెక్కకును నడుమ సజీవమైన పలుచని పొర యొకటి కలదు. అది బ్రదికియున్నయెడల, వేరులోను మ్రానులోను దాచుకొనిన ఆహారముతో క్రొత్త చెక్కను కట్టును. పాత గొట్టములు అనేకము మరల పనికిరావు. కావున ఒక్క వానతో చెట్టు లేవదు. దానికి నెలలు, ఒక్కొక్కప్పుడు సంవత్సరములు కావలెను.

4. మనము చేయవలసినది

బెరడును గోటితో గీకి చూడవలెను. లోపల పచ్చగా తడిగా ఉన్నచో అక్కడ ప్రాణమున్నది. కొనకొమ్మ ఎండినను మ్రానువరకు చూడక తీర్పు చెప్పరాదు. కొమ్మల నీడ పడు అంచువరకు నీరు నెమ్మదిగా ఇంకనిచ్చి, ఎండుటాకు పరచవలెను. చిగురును మేకలు మేయకుండ కంప కట్టవలెను. చిగిర్చిన చెట్టు కూడ మరుసటి వేసవిలో చావవచ్చును, ఏలయనగా దాని గొట్టము లింకను కొద్దియే. గనుక ఆ వేసవిలోను నీరు పోయవలెను.

మేము గీకి చూచినప్పుడు పై కొమ్మలు గోధుమరంగుగా నుండెను, మ్రాను పచ్చగా నుండెను. ఎండుకొమ్మలు మాత్రమే కొట్టించి అమ్మితిమి. ఆ సొమ్ము కప్పునకు చాలక ఇంటింట చందా పోగుచేసితిమి. ఆగస్టులో మ్రానునుండి చిగురు లేచెను. మునుపటి నీడలో సగమే ఇప్పుడున్నది. ఆ సగములోనే ఆదివారము పిల్లలు కూర్చుండుచున్నారు.

నరకబడిన చెట్టునకు సహితము నిరీక్షణ కలదని యోబు పలికిన సంగతి ఆయన గ్రంథము 14వ అధ్యాయములో చదువుడి. ఆయన చెట్లను బాగుగా చూచినవాడు.

ప్రశ్నలు: ఆకు రాలిన చెట్టు చచ్చినదని ఎందుకు చెప్పరాదు? మీ పొలములో కొట్టదలచిన చెట్టును గీకి చూచితిరా?