ఏడాది పొడవునా పూచు పెరటి మొక్కలు

వరికిని మిరపకును కాలమెరిగి విత్తు మనము పెరటి పూలమొక్కల విషయమున ఆ జాగ్రత్త వహింపము. కంటికి నచ్చినదానిని తెచ్చి నాటుదుము. మా పెరటిలోను అట్లే జరిగెను. నూతియొద్ద నాలుగు మల్లెపొదలు పెట్టితిమి. వేసవిలో ఇరుగుపొరుగులకు పంచినను తరుగని పూలు. శ్రావణ శుక్రవారపు పూజకు మాత్రము మూర పూలైనను లేక కొనవలసి వచ్చెను. తప్పు మల్లెది కాదు, ఎంచుకొన్న మాది.

కావున అందముకంటె ముందుగా మొక్క పూచు నెలలను విచారింపవలెను. మల్లె ఫాల్గుణము మొదలు జ్యేష్ఠము వరకు పూచును. వానలు పడగానే సన్నజాజియు విరజాజియు అందుకొనును. పిమ్మట పారిజాతము. చలికాలమునకు చేమంతి, డిసెంబరము, కాగడామల్లె కలవు. నడుమ కొరత కలిగినపుడు ఆదుకొనునది కనకాంబరము. వాసన లేదన్న మాటయే గాని అది పూయని నెల అరుదు. రెండు సెంట్ల చోటున్నవారు తక్కిన జాతులు ఒకటి రెండేసి నాటి, కనకాంబరమును పదికి తగ్గకుండ పెట్టుట మంచిది.

దీనికి కొంచెము నీడ హితము. ఎండిన వెన్నులను త్రుంచుచుండవలెను. వంగ, టమాట పెరిగిన మడిలో మాత్రము నాటరాదు. వేళ్లకు ముడులు కలిగించు నులిపురుగులు ఆ మట్టిలో నిలిచియుండి, కనకాంబరమును పట్టి, ఆకులు పసుపుబారి మొక్క క్షీణించును.

మల్లెకు విశ్రాంతి కావలయును. మార్గశిరమున నీరు మాన్పి, పుష్యమున కొమ్మలను నేలనుండి అడుగున్నర ఎత్తున కత్తిరించి, మిగిలిన ఆకు దూసి, మొదలు త్రవ్వి, మాగిన పశువుల యెరువు రెండు తట్టలు వేసి, అప్పుడు నీరు పెట్టవలెను. పచ్చని పొదను నరుకుటకు ఇంటి పెద్దలు ఒప్పుకొనరు. ఒక్క పొదను నరికి చూపుడు. దాని పూత చూచిన పిమ్మట మరుసటి యేడు వారే కత్తి చేతికిత్తురు.

చేమంతి రాత్రులు దీర్ఘమైనపుడే మొగ్గ తొడుగును. రాత్రియంతయు వెలుగు వీధిదీపము క్రింద నాటినచో పూత వెనుకబడును. పూలయిన పిమ్మట కాడలను కోసి, మొదట వచ్చు పిలకలను విడదీసి నాటుకొనవచ్చును. ఈ పిలకలను, మల్లె జాజుల అంట్లను సంఘసభ్యులు ఒకరికొకరు ఇచ్చుకొనినచో కొనుగోలు ఖర్చే లేదు. స్నానపు నీటిని కాలువ తీసి మొక్కలకు త్రిప్పుడు. సబ్బు మిక్కిలిగా కలిసిన బట్టలుతుకు నీటిని మాత్రము మొదళ్లయందు పోయకుడు.