లంకలో తొందర పనికిరాదు

హైస్కూల్లో చరిత్ర పాఠాలు చెప్పి రిటైరయ్యాక నేను మళ్లీ మళ్లీ వెళ్లిన దేశం శ్రీలంక. మా అక్కచెల్లెళ్లతో వెళ్లాను, పాత విద్యార్థుల కుటుంబాలను వెంటబెట్టుకునీ వెళ్లాను. ఇప్పుడు బంధువుల్లో ఎవరు బయల్దేరినా ముందు నాకు ఫోన్ చేస్తారు. "నాలుగు రోజుల్లో మొత్తం చుట్టేయొచ్చా పిన్నీ?" అన్నది మొదటి ప్రశ్న. చుట్టేయొచ్చు గానీ ఏమీ చూడలేరు. అక్కడ వానకో వేళ, కొండకో వేళ, గుడికో వేళ ఉంది. మన ప్లాన్‌ను వాటికి తగ్గట్టు మార్చుకుంటేనే ఆ దేశం మనకు కనబడుతుంది. ఫోన్లో ముక్కలు ముక్కలుగా చెప్పేవన్నీ ఇక్కడ ఒకచోట రాస్తున్నాను.

1. వాన ఎటు నుంచి వస్తుందో తెలుసుకుని టికెట్ కొనండి.

ఆ చిన్న దీవికి రెండు వానాకాలాలు. మే నుంచి సెప్టెంబరు దాకా నైరుతి గాలి దక్షిణ, పడమటి తీరాలను, కొండల పడమటి వాలును తడుపుతుంది. డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా ఈశాన్య గాలి తూర్పు, ఉత్తర ప్రాంతాల మీద కురుస్తుంది. అక్టోబరు, నవంబరుల్లో ఎక్కడైనా వాన పడొచ్చు. పిల్లల వేసవి సెలవులు మేలో వస్తాయి కదా అని గాలె, మిరిస్స బీచ్‌లలో గదులు తీసుకుంటే సముద్రం అల్లకల్లోలంగా ఉంటుంది. ఆ రోజుల్లో తూర్పున ట్రింకోమలీ, పాసికుడా వైపు వెళ్లాలి. సంక్రాంతి సెలవులకైతే దక్షిణం హాయి.

2. మ్యాప్ మీద దూరం కొలిచి రోజులు లెక్కవేయకండి.

శ్రీలంక వైశాల్యం 65,610 చదరపు కిలోమీటర్లు, తెలంగాణలో సగానికి కాస్త ఎక్కువ. అది చూసే మనవాళ్లు రోజుకు మూడు ఊళ్లు పెట్టుకుంటారు. క్యాండీ నుంచి నువర ఎలియకు 80 కిలోమీటర్లు కూడా లేవు, కానీ మలుపులు తిరుగుతూ కొండెక్కేసరికి మూడు గంటలు పడుతుంది. కొలంబో–గాలె ఎక్స్‌ప్రెస్‌వే లాంటివి వదిలేస్తే రోడ్లన్నీ ఊళ్ల మధ్య నుంచే పోతాయి. రోజూ పెట్టె సర్దుకోకుండా ఒక ఊళ్లో రెండు మూడు రాత్రులు ఉండండి, చుట్టుపక్కలవి అక్కడి నుంచే చూడండి.

3. కొండ రైలుకు ఒక రోజు పూర్తిగా ఇచ్చేయండి.

కొలంబో ఫోర్ట్ స్టేషన్ నుంచి బదుల్ల దాకా సుమారు 290 కిలోమీటర్ల లైను ఇది. కొండల మీద పండిన కాఫీని, ఆ తర్వాత తేయాకును రేవుకు చేర్చుకోవడానికి బ్రిటిష్‌వాళ్లు వేసుకున్నారు. 1864లో కొలంబో నుంచి మొదలైన రైలు బదుల్ల చేరేసరికి 1924 వచ్చింది. నలభైకి పైగా సొరంగాలు తవ్వారు. పట్టిపొళ స్టేషన్ 1,891 మీటర్ల ఎత్తున ఉంటుంది, ఆ దేశంలో అంతకన్నా ఎత్తున ఇంకో స్టేషన్ లేదు. దెమోదర దగ్గర పట్టాలు కొండ చుట్టూ తిరిగి తమ కిందనుంచే సొరంగంలో దూరిపోతాయి. అక్కడికి దగ్గర్లోనే 1921లో కట్టిన తొమ్మిది కమానుల వంతెన ఉంది. ఉక్కు వాడకుండా రాయి, ఇటుక, సిమెంటుతో లేపారు.

ఎక్కువమంది క్యాండీ నుంచి ఎల్ల దాకా ఎక్కుతారు. అదే ఆరేడు గంటలు. ఏసీ పెట్టె వద్దు, దాని కిటికీలు తెరుచుకోవు. రెండో తరగతిలోనో మూడో తరగతిలోనో రిజర్వేషన్ చేయించుకోండి. సీట్లు నెలరోజుల ముందు అమ్మకానికి వస్తాయి, చూస్తుండగానే అయిపోతాయి. వానాకాలంలో కొండచరియలు పడి లైను ఆగిపోతుంటుంది, ముందురోజే స్టేషన్‌లో కనుక్కోండి.

రైల్లో నాకు అన్నిటికన్నా ఇష్టమైనది టోకెన్ మార్చుకోవడం. ఒంటి లైను కదా, ఎదురుగా ఇంకో బండి రాకుండా డ్రైవర్‌కు ఒక లోహపు బిళ్ల ఇస్తారు. పెద్ద వలయానికి తగిలించిన తోలుసంచిలో ఆ బిళ్ల ఉంటుంది. అది చేతికి వస్తేనే బండి తర్వాతి స్టేషన్‌కు కదలాలి. స్టేషన్ ఉద్యోగి ప్లాట్‌ఫాం మీద నిలబడి వలయాన్ని అందిస్తాడు, డ్రైవర్ పాతది ఇచ్చి కొత్తది అందుకుంటాడు. మా గుంటూరు–మాచర్ల మీటర్‌గేజ్ బండి రోజుల్లో చిన్నప్పుడు చూసిన పద్ధతి అది. మన దగ్గర దాదాపు కనుమరుగైనా ఆ కొండల్లో ఇంకా నడుస్తోంది. మీ పిల్లలకు తప్పక చూపించండి.

ఫొటో కోసం తలుపులోంచి బయటికి వేలాడకండి. సొరంగం గోడ మూరెడు దూరంలో ఉంటుంది. అలా ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్లున్నారు.

4. సిగిరియ పొద్దున్నే ఎక్కాలి.

ఐదో శతాబ్దంలో కశ్యపుడనే రాజు ఆ బండ మీద కోట కట్టుకున్నాడు. పన్నెండు వందల మెట్లు. గేటు తీసే వేళకే అక్కడుండండి. తొమ్మిది దాటాక ఎండా, జనమూ రెండూ పెరుగుతాయి, ఇనుప మెట్ల మీద వరుస కదలదు. బండకు పెద్ద పెద్ద తేనెపట్లుంటాయి. నిశ్శబ్దంగా ఉండమని బోర్డులు పెట్టింది అందుకే, పిల్లల్ని అరవనివ్వకండి. కుడ్యచిత్రాల దగ్గర ఫొటోలు తీయనివ్వరు. కాస్త కిందికి అద్దం గోడ ఉంది. వెయ్యేళ్ల కిందటి యాత్రికులు ఆ చిత్రాల్లోని స్త్రీల గురించి దాని మీద పద్యాలు గీకిపోయారు. పరణవితాన అనే పండితుడు వాటిని చదివి 1956లో పుస్తకంగా అచ్చువేయించాడు. పాస్‌పోర్ట్ వెంట ఉంచుకోండి, సార్క్ దేశాలవాళ్లకు టికెట్ ధర తక్కువ.

మోకాళ్లు సహకరించని పెద్దవాళ్లను కింద ఉద్యానవనాల్లో కూర్చోబెట్టండి. ఆ నీటి తోటలు చూసినా ప్రయాణం దండగ కాదు.

5. అనురాధపురంలో తల ఎత్తి చూసినంతసేపు, తల దించి కూడా చూడండి.

అందరూ రువన్‌వెలిసాయ స్తూపం తెల్లదనం చూసి, ఫొటో తీసుకుని, జయశ్రీ మహాబోధికి దణ్ణం పెట్టి వచ్చేస్తారు. అశోకుడి కూతురు సంఘమిత్ర క్రీస్తుపూర్వం మూడో శతాబ్దంలో తెచ్చిన బోధికొమ్మ అది. మనిషి చేతులతో నాటి, నాటిన కాలం తెలిసిన చెట్లలో అన్నిటికన్నా పాతది. పొద్దున ఆరింటికల్లా తెల్లబట్టలు కట్టుకున్న కుటుంబాలు కలువపూల పళ్లేలతో వస్తాయి. మనలాగే వాళ్లూ దేవుడికిచ్చే పువ్వును వాసన చూడరు. ఆ వేళలోనే వెళ్లండి. చెప్పులు, టోపీ విప్పాలి. మధ్యాహ్నం ఆ రాళ్ల మీద ఒట్టికాళ్లతో అడుగు పెట్టలేరు, సంచిలో పాత మేజోళ్లు ఒక జత ఉంచుకోండి. భుజాలు, మోకాళ్లు కప్పుకోవాలి. బుద్ధుడి విగ్రహానికి వీపు పెట్టి సెల్ఫీ తీసుకోవడం వాళ్ల మనసును నొప్పిస్తుంది, ఎట్టి పరిస్థితిలోనూ చేయకండి.

తల దించి చూడమన్నది మెట్ల మొదట ఉండే అర్ధచంద్ర శిల కోసం. సగం పళ్లెం ఆకారంలో ఉన్న రాతి మీద వరుసలుగా చెక్కడాలు. ఒక వరుసలో ఏనుగు, గుర్రం, సింహం, ఎద్దు ఒకదాని వెనక ఒకటి నడుస్తుంటాయి. ఆ లోపల తీగ, దాని లోపల ముక్కుతో పూమొగ్గ పట్టుకున్న హంసలు, నడిమధ్య తామర. తరవాత, అనురాధపురం పిమ్మట రాజధాని అయిన పొలొన్నరువలో ఇదే శిలను వెతకండి. అక్కడ ఎద్దు ఉండదు. హిందువులకు నంది పూజ్యం కాబట్టి కాలు పడేచోట తీసేశారని పండితులు చెబుతారు. ఒక మెట్టు మీద రెండు యుగాల తేడా తెలుస్తుంది.

నాకు ఆ రాళ్ల మీద ఉన్న ప్రేమకు ఇంకో కారణం ఉంది. నేను పల్నాడు మనిషిని. మా నాగార్జునకొండలో సింహళ విహారం ఉండేది. ఇక్ష్వాకుల కాలంలో, మూడో శతాబ్దంలో, బోధిసిరి అనే ఉపాసిక తామ్రపర్ణి నుంచి, అంటే లంక నుంచి, వచ్చిన భిక్షువుల కోసం చైత్యగృహం కట్టించానని శాసనం వేయించింది. అర్ధచంద్ర శిలలు అక్కడా దొరికాయి. మన కృష్ణాతీరపు సున్నపురాయి శిల్పాలు సముద్రం దాటి ఆ దీవికి చేరాయి. అక్కడి మ్యూజియంలో వాటి ముందు నిలబడితే నాకు కళ్లు చెమరుస్తాయి. తెలుగువాళ్లెవరైనా లంకకు వెళ్లేముందు ఒకసారి నాగార్జునకొండ చూసి వెళ్లమని నా అభ్యర్థన.

క్యాండీలోనూ అలాంటి బంధమే. 1739 నుంచి 1815 దాకా ఆ సింహాసనం మీద కూర్చున్నది మధుర నుంచి వెళ్లిన, తెలుగు మూలాలున్న నాయక వంశం. చివరి రాజు శ్రీవిక్రమ రాజసింహ బ్రిటిష్‌వాళ్ల బందీగా 1832లో వేలూరులో కన్నుమూశాడు. మీరు సాయంత్రం షికారు చేసే క్యాండీ చెరువు ఆయన తవ్వించిందే.

6. శాకాహారులు కొబ్బరి పచ్చడిని కూడా అడిగి తినాలి.

పొల్ సంబోల్ అని ఎర్రటి కొబ్బరి పచ్చడి ప్రతి పళ్లెంలో ఉంటుంది. దాంట్లో తరచూ ఉంబలకడ, అంటే ఎండబెట్టిన మాల్దీవు చేప, దంచి కలుపుతారు. చూస్తే తెలియదు. "మాలు, మస్ నెతువ" అని అడగండి, చేప, మాంసం లేకుండా అని. రైల్లో అమ్మే వడల మీద రొయ్య అతికించి ఉండొచ్చు. ఈ రెండు జాగ్రత్తలు తీసుకుంటే ఇక అంతా మన నోటికి నచ్చే తిండే: కొబ్బరిపాలల్లో ఉడికిన పప్పు, ఇడియాప్పం, ఆప్పం, రాగి రొట్టె, కొబ్బరి కోరుతో కలిపిన సరస్వతి ఆకు. మట్టిచట్టిలో తోడుపెట్టిన గేదెపెరుగు మీద కితుల్ పానకం పోసి ఇస్తారు. ఆ కితుల్ చెట్టు మన ఏజెన్సీలో కల్లు గీసే జీలుగే. పౌర్ణమి నాడు దేశమంతా సెలవు, ఆ రోజు మద్యం, మాంసం అమ్మరు. ఆ రోజు ఊరి విహారానికి వెళ్లి కూర్చోండి.

7. రామాయణ స్థలాలు రెండు చాలు.

నువర ఎలియ దగ్గర సీత ఎలియ గుడి, దాని పక్క వాగు నాకు ఇష్టం. ట్రింకోమలీ కోణేశ్వరం కూడా. కానీ రామాయణం పేరుతో ప్యాకేజీలవాళ్లు దేశం ఈ చివర నుంచి ఆ చివరకు కారులో తిప్పుతారు, సగం రోజు సీట్లోనే పోతుంది. రావణుడిని తమ గొప్ప రాజుగా తలచుకునే సింహళీయులున్నారు. వాళ్ల ముందు మాట తూలకండి.

8. టీ తోటలో ఆకు కోసే అమ్మను కూడా చూడండి.

కాఫీతోటలకు 1869లో తుప్పుతెగులు తగిలి సర్వనాశనమయ్యాక ఆ కొండలన్నీ తేయాకుకు మారాయి. అంతకు రెండేళ్ల ముందే జేమ్స్ టేలర్ లూల్‌కందుర ఎస్టేట్‌లో నాటి ఉన్నాడు. పనికి తమిళ జిల్లాల నుంచి పేదలను తెచ్చారు. స్వాతంత్ర్యం వచ్చిన 1948లోనే చట్టం వాళ్లలో అత్యధికులను పౌరులు కాకుండా చేసింది. 1964లో శాస్త్రి–సిరిమావో ఒప్పందంతో లక్షలమంది ఇండియాకు రావలసివచ్చింది. ఉన్నవాళ్ల మనవరాళ్లే ఇప్పుడు ఆ పచ్చటి వాలు మీద తలకు పట్టీతో సంచి తగిలించుకుని రెండాకులూ మొగ్గా గిల్లుతున్నారు. జలగలు, జారే మట్టి, తూకం దగ్గర కోతలు, పాతకాలపు లైన్ ఇళ్లు వాళ్ల బతుకు. అడగకుండా ఫొటో తీయకండి. తమిళం రెండు ముక్కలు వచ్చినా పలకరించండి, ఎంత సంతోషిస్తారో. ఫ్యాక్టరీ చూపించేచోట ఆకు వాడబెట్టే అంతస్తు వాసన పీల్చి, కావలసిన టీ అక్కడే కొనుక్కోండి.

9. హార్టన్ ప్లెయిన్స్‌లో లోకపు అంచు అనే చోట లోయ తొమ్మిదింటి తర్వాత మబ్బులో మునిగిపోతుంది. చీకటితోనే బయల్దేరండి. ప్లాస్టిక్ కవర్లు గేటు దగ్గరే తీసేస్తారు.

10. ఉత్తరాన్ని వదలకండి.

మనవాళ్లలో చాలామంది జాఫ్నా దాకా పోరు. 1983 నుంచి 2009 దాకా యుద్ధం నలిపేసిన నేల అది. 1981లో తగలబెట్టిన అక్కడి లైబ్రరీలో తొంభై వేలకు పైగా పుస్తకాలు, తాళపత్రాలు బూడిదయ్యాయి. మళ్లీ కట్టిన తెల్లటి భవనంలో పిల్లలు చదువుకుంటున్నారు. సందర్శకులకు వేళలున్నాయి, కనుక్కుని వెళ్లండి. యుద్ధం గురించి మీరుగా అడగకండి, వాళ్లంతట వాళ్లు చెబితే మధ్యలో మాట్లాడకుండా వినండి. నల్లూరు కందస్వామి గుడిలో మగవాళ్లు చొక్కా విప్పాలి. అక్కడి నుంచి బస్సులో కురికట్టువాన్ జెట్టీకి వెళితే నైనాతీవుకు పడవలుంటాయి. నాగపూషణి అమ్మవారి గుడికి వెళ్లే తమిళులు, నాగదీప విహారానికి వెళ్లే సింహళీయులు ఒకే పడవలో పక్కపక్కన కూర్చుంటారు. రెండూ నడిచిపోయేంత దగ్గర. చీకటిపడ్డాక పడవలుండవు, పొద్దున్నే వెళ్లి రెండుచోట్లా తీరిగ్గా గడిపి, నాలుగింటికల్లా జెట్టీకి వచ్చేయండి.