ఇంటిపేరు నిలిపేదెవరు? - ఫ్రాన్సు దేశపు ‘మార్టిన్’ కథ



ఇంటిపేరు అంటే మనకు ఎంతో గౌరవం. సంబంధం మాట్లాడేటప్పుడు మొదట అడిగేది అదే. మగబిడ్డ కలగకపోతే “ఇక మన ఇంటిపేరు నిలిపేదెవరు?” అని దిగులుపడే పెద్దలు మన విచారణలలో ఈనాటికీ ఉన్నారు. అందుచేత ఈ వారం ఒక ఫ్రెంచి ఇంటిపేరు ఎలా పుట్టిందో, దాని అర్థమేమిటో, అది అంతగా ఎందుకు వ్యాపించిందో తెలుసుకుందాం. ఆ పేరు మార్టిన్. మన గుడులలో గులాబీలతో కనిపించే పునీత చిన్న తెరేజమ్మగారి పుట్టింటి పేరు అదే.

పేరుకు అర్థం

ఫ్రెంచివారు ఈ పేరును ‘మార్తెఁ’ అన్నట్టు ముక్కుతో పలుకుతారు. దీనికి మూలం ‘మార్తినుస్’ అనే లాటిన్ పేరు. రోమీయులు యుద్ధదేవుడుగా కొలిచిన మార్స్ పేరు నుండి అది వచ్చింది. ‘మార్స్‌కు చెందినవాడు’ అని దాని అర్థం. అన్యదేవుని పేరు నుండి పుట్టిన ఈ మాట క్రైస్తవ కుటుంబాలకు ఇంత ప్రీతికరం ఎలా అయింది? దానికి కారణం ఒక్క మనిషి జీవితం.

పునీత మార్టిన్ గారు క్రీ.శ. 316 ప్రాంతంలో, నేటి హంగేరీ దేశంలో ఉన్న సవారియా పట్టణంలో జన్మించారు. తండ్రి రోమను సైన్యంలో అధికారి. కొడుకు కూడా సైన్యంలో చేరవలసి వచ్చింది. ఒక చలికాలంలో ఆమియేన్ పట్టణ ద్వారం దగ్గర, ఒంటిమీద బట్ట లేక వణుకుతున్న బిచ్చగాడు ఆయనకు ఎదురయ్యాడు. ఇవ్వడానికి చేతిలో ఏమీ లేదు. కత్తి దూసి, తాను కప్పుకున్న అంగీని రెండుగా కోసి, సగం అతనికి కప్పారు. ఆ రాత్రి కలలో క్రీస్తు ప్రభువు ఆ సగం అంగీనే ధరించి కనిపించారని, ఆయన్ని ఎరిగిన సుల్పీసియుస్ సెవెరుస్ రాసిన చరిత్ర చెబుతున్నది. అప్పటికి మార్టిన్ గారు ఇంకా జ్ఞానస్నానం పొందలేదు!

తరువాత ఆయన సైన్యాన్ని విడిచి, పునీత హిలరి గారికి శిష్యుడై, లిగుజేలో మఠం స్థాపించారు. 371లో తూర్ పట్టణ ప్రజలు పట్టుబట్టి ఆయన్ని బిషపుగా చేసుకున్నారు. 397 నవంబరు 8న మరణించారు. నవంబరు 11న సమాధి చేశారు. ఆ రోజే ఆయన పండుగ. 1918లో మొదటి ప్రపంచ యుద్ధం ఆగిపోయింది కూడా నవంబరు 11ననే. యుద్ధదేవుని పేరు మోసిన మనిషి పండుగ నాడే తుపాకులు మౌనం వహించడం గమనించదగిన విషయం.

అంగీ నుండి ఊరికి, ఊరి నుండి ఇంటికి

వేదసాక్షి మరణం పొందకుండానే పునీతులుగా గౌరవం అందుకున్న తొలివారిలో మార్టిన్ గారు ఒకరు. ఫ్రాంకుల రాజులు ఆయన అంగీని పవిత్ర వస్తువుగా భద్రపరిచి, యుద్ధాలకు వెళ్లేటప్పుడు వెంట తీసుకొని పోయేవారు. అంగీని లాటిన్‌లో ‘కప్పా’ అంటారు. దానిని ఉంచిన చోటు ‘కప్పెల్లా’ అయింది. దానిని కాపాడే గురువు ‘కప్పెల్లానుస్’ అయ్యాడు. మనం నేడు వాడే చాపెల్, చాప్లెన్ అనే మాటలు అక్కడి నుండి వచ్చినవే. ఫ్రాన్సులో రెండు వందలకు పైగా ఊళ్లకు ‘సేంట్ మార్టిన్’ అనే పేరు ఉంది. ఆయనకు అంకితమైన దేవాలయాలు వేలల్లో ఉన్నాయి.

ఆ రోజుల్లో ఫ్రాన్సులో ఇంటిపేర్లు లేవు. జ్ఞానస్నానంలో పెట్టిన పేరు ఒక్కటే ఉండేది. పదకొండు, పన్నెండు శతాబ్దాల నుండి జనాభా పెరిగి, ఒకే ఊళ్లో పియేర్ అనేవారు పదిమంది అయ్యేసరికి గుర్తుపట్టడానికి రెండవ పేరు అవసరమయింది. పొట్టివాడు ‘పెతీ’ అయ్యాడు. అడవి పక్కన ఉండేవాడు ‘దుబువా’ అయ్యాడు. మార్టిన్ కొడుకు పియేర్ ‘పియేర్ మార్టిన్’ అయ్యాడు. క్రమేణా అది మనుమలకు, మునిమనుమలకు సంక్రమించింది. 1539లో రాజు మొదటి ఫ్రాన్సువా, విచారణ గురువులు జ్ఞానస్నానాల రిజిస్టరు తప్పక రాయాలని శాసించాడు. దానితో పేర్లు కాగితం మీద స్థిరపడ్డాయి. 1794లో వచ్చిన చట్టం జనన పత్రంలో ఉన్న పేరు తప్ప వేరే పేరు వాడరాదన్నది.

నేడు ఫ్రాన్సులో అన్నిటికంటే ఎక్కువమందికి ఉన్న ఇంటిపేరు మార్టిన్. రెండు లక్షలకు పైగా జనం ఈ పేరు కలవారే. దీనికి ఇంకొక కారణం కూడా ఉంది. కమ్మరి అని అర్థమిచ్చే ఇంటిపేరు ఉత్తరాన లెఫెవ్ర్ అని, దక్షిణాన ఫాబ్ర్ అని, తూర్పున ఫావ్ర్ అని ప్రాంతానికొక రూపంగా చీలిపోయింది. మార్టిన్ మాత్రం దేశమంతటా దాదాపు ఒకే రూపంలో నిలిచింది.

ఇక్కడ ఒక మాట గుర్తుంచుకోవాలి. ఇన్ని లక్షలమంది ఒకే వంశం కాదు. మార్టిన్ గారు మఠవాసి. ఆయనకు సంతానం లేదు. ఒకరికొకరు తెలియని వేలాది తండ్రులు తమ బిడ్డలకు ఆ పేరు పెట్టుకున్నారు. అన్ని ఇళ్లలోనూ అది విడివిడిగా ఇంటిపేరుగా మారింది. రక్తసంబంధం లేకుండానే ఆయన పేరు నిలిచింది.

ఒక మార్టిన్ కుటుంబం

ఇక మన తెరేజమ్మగారి ఇంటికి వద్దాం. లూయీ మార్టిన్ గారు గడియారాల పనివారు. భార్య జేలీ గారు అలాన్సోన్ పట్టణంలో లేసు అల్లించి అమ్మేవారు. 1858లో వివాహమయింది. తొమ్మిదిమంది బిడ్డలు కలిగారు. కొడుకు పుడితే గురువై వేదప్రచారానికి వెళ్లాలని ఆ దంపతులు పునీత జోజప్పగారిని వేడుకున్నారు. ఇద్దరు కొడుకులు పుట్టారు. ఇద్దరికీ జోసెఫ్ అనే పేరే పెట్టారు. ఇద్దరూ పసితనంలోనే మరణించారు. మరి ఇద్దరు ఆడపిల్లలు కూడా చిన్నప్పుడే పోయారు. మిగిలిన ఐదుగురూ ఆడపిల్లలే. ఐదుగురూ మఠకన్యలయ్యారు. అంటే లోకం లెక్క ప్రకారం ఆ ఇంటిపేరు అంతటితో ఆగిపోయింది.

కాని జరిగినదేమిటి? చివరి బిడ్డ తెరేజా 1873లో పుట్టి, 1897లో ఇరవై నాలుగేళ్లకే లిస్యూ కార్మెల్ మఠంలో కన్నుమూశారు. 1925లో పునీతురాలయ్యారు. మఠం గడప దాటి ఏ దూరదేశానికీ వేదప్రచారానికి వెళ్లని ఆమెను శ్రీసభ 1927లో వేదప్రచారాలకు పాలక పునీతగా ప్రకటించింది. కొడుకు చేస్తాడని తల్లిదండ్రులు ఆశించిన పని కూతురి ద్వారా నెరవేరింది. 2015 అక్టోబరు 18న పోపు ఫ్రాన్సిస్ గారు లూయీ, జేలీ దంపతులను కూడా పునీతులుగా ప్రకటించారు. భార్యాభర్తలు ఇద్దరూ కలిసి ఒకేసారి ఆ గౌరవం పొందడం అదే మొదటిసారి.

మనకు పాఠం

ఫ్రాన్సులో పునీతుని పేరు ఇంటిపేరుగా మారింది. తెలుగు కథోలికులు తాతల నాటి ఇంటిపేరు ముందు ఉంచుకొని, జ్ఞానస్నానపు పేరు వెనుక చేర్చుకున్నారు. 2022లో కార్డినల్ అయిన పూల అంతోని గారి పేరు చూడండి. పద్ధతి ఏదైనా, పేరు ఒక కాగితపు గుర్తు మాత్రమే. దానికి బరువు ఇచ్చేది మోసేవారి బ్రతుకు. ఫ్రాన్సులో 2005 నుండి బిడ్డకు తల్లి ఇంటిపేరు కూడా పెట్టవచ్చు. చట్టం ఇంటిపేరును కొనసాగించగలదు. దానికి మంచి పేరు తేవడం చట్టం వల్ల కాదు.

కనుక తల్లిదండ్రులారా, ఆడపిల్ల పుట్టిందని ముఖం చిన్నబుచ్చుకోకండి. కోడలిని మాటలతో నొప్పించకండి. ఈ ఆదివారం భోజనాల వేళ కుటుంబమంతా కూర్చొని ఈ మూడు ప్రశ్నలు ఆలోచించండి:

1. మా ఇంటిపేరు ఎలా వచ్చింది? పిల్లలకు మేము ఎప్పుడైనా చెప్పామా?

2. మా బిడ్డల జ్ఞానస్నానపు పేరు గల పునీతుల చరిత్ర వారికి తెలుసా?

3. మా వీధిలో మా ఇంటిపేరు వినగానే ఇరుగుపొరుగువారికి ఏ మంచిపని గుర్తుకు వస్తుంది?

మూడవ ప్రశ్నకు జవాబు వెంటనే దొరకకపోతే దిగులు వద్దు. చలికాలం వస్తున్నది. మీ పెట్టెలో ఎవరూ కప్పుకోని దుప్పటి ఒకటి ఉండే ఉంటుంది.