సాక్షి సంతకం వేరు, ష్యూరిటీ సంతకం వేరు



నేను హైస్కూల్ పిల్లలకు సోషల్ చెప్తాను. పదో తరగతి ఎకనామిక్స్‌లో 'మనీ అండ్ క్రెడిట్' అనే పాఠం ఉంది. ఆ పాఠం చెప్తూ "కొల్లాటరల్ అంటే ఏమిటి?" అని అడిగితే సగం క్లాసు డెఫినిషన్ టకటకా అప్పజెప్పింది. "మీ ఇంట్లో దాన్ని ఏమంటారు?" అంటే మాత్రం ఎవరూ మాట్లాడలేదు. చివరికి వెనక బెంచీ నుంచి ఒకబ్బాయి "తనఖా, మిస్" అన్నాడు. 'ప్రిన్సిపల్' అనగానే అందరూ నవ్వుతూ ఆఫీస్ రూమ్ వైపు చూశారు. అప్పులో 'అసలు'ని కూడా ప్రిన్సిపల్ అంటారని వాళ్లకి అప్పుడే తెలిసింది.

పిల్లలకు ఇంగ్లీషు పదం వచ్చు, కానీ అది ఇంట్లో రోజూ వినే మాటేనని తెలియదు. పెద్దవాళ్లకి ఉల్టా. ఇంట్లో మాట తెలుసు, కాగితం మీద అదే మాట ఇంగ్లీషులో కనబడితే గుర్తుపట్టరు. అందుకే ఈ నెల ఒక పదం గురించి కాస్త వివరంగా రాస్తున్నాను. అది ష్యూరిటీ.

ఈ పదాన్నే ఎంచుకోవడానికి కారణం మా ఇల్లే. మా నాన్నగారు ప్రభుత్వ ఉద్యోగి. నేను ఇంటర్ చదువుతుండగా ఆయనతో పనిచేసే ఒకాయన చిట్టీ పాడుకుని, ష్యూరిటీ సంతకం కోసం ఇంటికి వచ్చారు. "ఊరికే ఫార్మాలిటీ అన్నా, సాక్షి సంతకం లాంటిదే" అన్నారు. నాన్న శాలరీ సర్టిఫికెట్ ఇచ్చి, చూపించిన చోటల్లా సంతకం పెట్టారు. ఏడాది తిరక్కుండానే ఆయన వాయిదాలు ఆపేశారు. నోటీసు మా ఇంటికి వచ్చింది, తర్వాత నాన్న జీతంలో కోత మొదలైంది. నా డిగ్రీ మొదటి రెండేళ్ల ఫీజు అమ్మ గాజులు బ్యాంకులో పెట్టి కట్టాం.

సాక్షి సంతకం అంటే "ఈయన నా ఎదుట సంతకం పెట్టారు" అని చెప్పడమే. గొడవ కోర్టుకి వెళ్తే పిలిచి అడగొచ్చు, అంతకు మించి బాధ్యత లేదు. ష్యూరిటీ అంటే "ఆయన కట్టకపోతే నేను కడతాను" అని రాసివ్వడం. దీన్నే బ్యాంకులో గ్యారంటర్ అంటారు, తెలుగు పత్రాల్లో హామీదారు అని రాస్తారు, ఊళ్లో జామీను అంటారు. 1872 నాటి ఇండియన్ కాంట్రాక్ట్ యాక్ట్ సెక్షన్ 128 ప్రకారం, ఒప్పందంలో వేరేగా రాసుకుంటే తప్ప, అప్పు తీసుకున్నవారికి ఎంత బాధ్యతో ష్యూరిటీకి కూడా అంతే.

చిట్టీలో ఇది ఎందుకు అడుగుతారంటే, 5 లక్షల చిట్టీ, నెలకి 10,000 చొప్పున 50 నెలలు అనుకోండి. ఎనిమిదో నెలలో పాడుకున్నవారు డబ్బు ముందే తీసేసుకుంటారు. ఇంకా 42 వాయిదాలు కట్టాలి. ఆ 42 వాయిదాలకీ పూచీ మీ సంతకం.

"ముందు ఆయన ఆస్తి మీదకి వెళ్లాలి కదా, తర్వాతే మా దగ్గరికి రావాలి" అని చాలామంది అనుకుంటారు. మా నాన్న కూడా అదే అన్నారు. కానీ అలా ఏమీ లేదు. బ్యాంక్ ఆఫ్ బిహార్ వర్సెస్ దామోదర్ ప్రసాద్ కేసులో సుప్రీంకోర్టు, ముందు అసలు అప్పుదారుని వసూలు చేశాకే ష్యూరిటీ దగ్గరికి వెళ్లాలనే షరతు పెట్టడం కుదరదని చెప్పింది. మీరు కట్టిన డబ్బుని తర్వాత ఆయన దగ్గర వసూలు చేసుకునే హక్కు మీకు ఉంది (సెక్షన్ 145). ఆయన దగ్గర ఏమైనా మిగిలి ఉంటేనే అది పనికొస్తుందనుకోండి.

ఇంకో సంగతి. బ్యాంకు లోనుకి మీరు గ్యారంటీ ఇస్తే అది మీ సిబిల్ రిపోర్టులో కూడా కనబడుతుంది. రేపు పిల్లల చదువు కోసం మీరు లోనుకి వెళ్లినప్పుడు బ్యాంకు దాన్నీ చూస్తుంది. అలాగే ఎడ్యుకేషన్ లోన్ కాగితంలో మీ పేరు పక్కన 'కో-అప్లికెంట్' లేదా 'కో-బారోయర్' అని ఉంటే, మీరు ష్యూరిటీ కూడా కాదు. మొదటి రోజు నుంచే మీ అబ్బాయితో, అమ్మాయితో సమానంగా అప్పుదారు.

కాబట్టి సంతకం పెట్టే ముందు మీ పేరు కింద ఏ పదం రాసి ఉందో చూడండి. ఖాళీలు వదిలిన ఫారం మీద పెట్టొద్దు. మీరు సంతకం పెట్టిన పత్రం కాపీ అడిగి తీసుకోండి. అడగడానికి మొహమాటపడేవాళ్లు పిల్లల చేత చదివించుకోండి, వాళ్లకి ఇంగ్లీషు చదవడానికి ఇదీ ఒక సందర్భమే.

వడ్డీ గురించి కూడా ఒక మాట, ఎందుకంటే క్లాసులో ఎక్కువ ప్రశ్నలు దీని మీదే వచ్చాయి. మనం 'రూపాయి వడ్డీ' అంటే నెలకి వందకి రూపాయి, అంటే ఏడాదికి 12 శాతం. 'ఫ్లాట్ రేటు 12 శాతం' అన్నా అదే అనిపిస్తుంది, కానీ కాదు. ఊళ్లో రూపాయి వడ్డీకి తెచ్చుకుంటే అసలు చివరిదాకా మన దగ్గరే ఉంటుంది. ఫ్లాట్ రేటులో నెలనెలా అసలు తిరిగి ఇచ్చేస్తూ కూడా మొదటి రోజు ఉన్న మొత్తం మీదే వడ్డీ కడతాం. లక్ష రూపాయలు, 24 నెలలు, ఫ్లాట్ 12 శాతం అంటే వడ్డీ 24,000, ఈఎంఐ దాదాపు 5,167. అదే 12 శాతం 'రెడ్యూసింగ్ బ్యాలెన్స్' మీద అయితే ఈఎంఐ దాదాపు 4,707, మొత్తం వడ్డీ 13,000 లోపే. ఆ ఫ్లాట్ రేటు నిజానికి ఏడాదికి సుమారు 21.5 శాతం పడుతుంది.

2024 అక్టోబర్ 1 నుంచి మంజూరయ్యే కొత్త రిటైల్ టర్మ్ లోన్లకు 'కీ ఫ్యాక్ట్స్ స్టేట్‌మెంట్' ఇవ్వాలని రిజర్వ్ బ్యాంక్ రూలు పెట్టింది. అది మనకు అర్థమయ్యే భాషలో ఉండాలి. అందులో 'ఏపీఆర్' అనే అంకె చూడండి. చార్జీలు కూడా కలిపి ఏడాదికి ఎంత పడుతుందో అదే చెప్తుంది.

ఈ నెల పదో తరగతి పిల్లలకు ఒక చిన్న హోంవర్క్ ఇచ్చాను. ఇంట్లో ఉన్న ఏదైనా లోన్, చిట్టీ, ఇన్సూరెన్స్ కాగితం చూసి అయిదు పదాలు రాసుకుని, పక్కన ఇంట్లో వాడే మాట రాయాలి. పదాలు మాత్రమే, అంకెలు వద్దని చెప్పాను. మీ అప్పు ఎంతో నోట్‌బుక్‌లో రాయరు, భయపడకండి. సాయంత్రం మీ పక్కన కూర్చుని అడిగితే కాస్త ఓపిగ్గా చెప్పండి.