పాలపళ్ళు చెప్పే పాత చరిత్ర

చరిత్ర అనగానే మనకు రాజులూ, యుద్ధాలూ, శాసనాలూ గుర్తుకొస్తాయి. తల్లి బిడ్డకు ఎన్నాళ్ళు పాలిచ్చింది, పాలు మాన్పించాక ఏం తినిపించింది అన్న సంగతి ఏ శాసనమూ చెప్పదు. కాని పసిబిడ్డ బతుకు చాలావరకు ఆ సంగతి మీదే ఆధారపడి ఉండేది. రాతల్లో దొరకని ఈ చరిత్ర ఎముకల్లో, ముఖ్యంగా పళ్ళలో దొరుకుతుంది.

పంటి సాక్ష్యం

ఎముక జీవితమంతా కరుగుతూ, మళ్ళీ కట్టుకుంటూ ఉంటుంది. పంటి మీది ఎనామెల్ అలా కాదు, ఒకసారి ఏర్పడితే మళ్ళీ కొత్తగా పుట్టదు. అది తయారయ్యే రోజుల్లో బిడ్డకు పెద్ద జబ్బో, ఆకలో వస్తే ఎనామెల్ మీద అడ్డగీత పడవచ్చు. దీనికి రుజువు చూడాలంటే తవ్వకాల దాకా పోనక్కరలేదు. ఎల్.బి.నగర్ దాటి నల్లగొండ జిల్లా పల్లెలకు పోతే చాలు. చిన్నతనంలో ఫ్లోరైడ్ నీళ్ళు తాగిన పెద్దల పళ్ళమీద గారమచ్చలు కనిపిస్తాయి. తరవాత మంచినీళ్ళు తాగినా ఆ మచ్చలు పోవు.

పాలు మానిన వయసు

నత్రజనిలో తేలిక రకం, బరువు రకం అని రెండు పరమాణువులున్నాయి. తల్లిపాలు తాగే బిడ్డ శరీరంలో బరువు రకం తల్లికంటే వెయ్యికి రెండు మూడు వంతుల మేర ఎక్కువ. పాలు మానుతున్నకొద్దీ అది తగ్గుతుంది. ఇక కర్బనం సంగతి. జొన్న, సజ్జ, రాగి గాలిలోని బొగ్గుపులుసు వాయువును ఒక తీరున పట్టుకుంటాయి. వరి, గోధుమ మరొక తీరున. కాబట్టి బిడ్డకు పెట్టింది జొన్న గటకా, బియ్యపు గంజా అన్నది కూడా అంచనా వేయవచ్చు.

ఇనాంగావ్ పిల్లలు

మన దక్కన్ పీఠభూమి మీదనే, పూణే జిల్లాలో ఘోడ్ నది ఒడ్డున ఇనాంగావ్ ఉంది. క్రీ.పూ. 1600 - 700 మధ్య అక్కడ రైతులు బతికారు. డెక్కన్ కాలేజీ వారు 1968 నుంచి 1983 వరకు అక్కడ తవ్వకాలు జరిపారు. చనిపోయిన పసికందులను రెండు కుండల మూతులు కలిపి, ఇంటి నేల కిందనే పూడ్చుకున్నారట! జాన్ లూకాక్స్, సుభాష్ వాలింబే ఆ పాలపళ్ళను పరీక్షించారు. గ్వెన్ రాబిన్స్ షుగ్ పిల్లల ఎముకలు కొలిచి, చివరి దశలో వారి ఎదుగుదల కుంటుపడిందని 2011లో ప్రచురించిన పుస్తకంలో వివరించారు. కరువు దెబ్బ ముందు తగిలేది పసివాళ్ళకే. రైతు ఇంట పుట్టిన మాకు ఇది కొత్త మాట కాదు.

ఒక జాగ్రత్త అవసరం. ఇవి బతకలేకపోయిన పిల్లల ఎముకలు. ఊరి పిల్లలందరూ ఇట్లాగే ఉండేవారనుకోరాదు. అందుకే శాస్త్రజ్ఞులు పెద్దవాళ్ళ పళ్ళనూ పొరలు పొరలుగా కోసి చూస్తారు. వాళ్ళు బతికి బట్టకట్టిన పిల్లలు కదా!

మన వంతు

మన మూసారాంబాగ్‌కు ఎంతో దూరం లేని మౌలాలిలో, అటు హష్మత్‌పేటలో ఇనుపయుగపు సమాధులున్నాయి. పల్లెల్లో ఇటువంటివాటినే రాక్షసగుళ్ళు అంటారు. రాళ్ళ కోసం, ప్లాట్ల కోసం, నిధి ఉందన్న ఆశతో వాటిని పెకలిస్తున్నారు. మన వేడి నేలలో ఎముక త్వరగా చెడిపోతుంది. పన్ను ఎక్కువకాలం నిలుస్తుంది. ఆ కాస్త సాక్ష్యాన్నీ ట్రాక్టర్ కింద నలగనీయవద్దు. పొలంలో అటువంటి రాళ్ళు బయటపడితే కదిలించకుండా పురావస్తు శాఖకు కబురు చేయాలని మిత్రులు తమ ఊళ్ళలో చెప్పాలి. అక్కడ బంగారం లేకపోవచ్చు. ఒక తల్లి బిడ్డకు పెట్టిన ముద్ద జాడ ఉండవచ్చు.